ఊరికి హాలు సరే, తాళంచెవి ఎవరి దగ్గర?

ఈ మూడు నెలల్లో సంఘాల నుంచి మాకు వచ్చిన ఉత్తరాల్లోనూ, సమావేశాల్లో స్త్రీలు లేవనెత్తిన విషయాల్లోనూ ఒక మాట పదే పదే వినిపించింది. "మా ఊళ్ళో కమ్యూనిటీ హాలు కడతారట. మేమేం అడగాలి?" అని. ఒక సంఘం వాళ్ళు మరుగుదొడ్డి గురించి అడిగారు. మరో సంఘం వాళ్ళు, ఆ హాలు మగవాళ్ళకే ఉంచి మాకు విడిగా మహిళా భవనం ఇమ్మందామా అన్నారు. కొత్తగా పనిలో చేరిన ఒక కార్యకర్త, "హాలు కడితే మంచిదే కదా, ఇందులో హక్కుల సంగతేముంది?" అని సూటిగా అడిగింది. ఆ ప్రశ్నకి జవాబు చెప్పవలసిన అవసరం ఉందని నాకనిపించింది.

మన ఊళ్ళను ఒకసారి చూడండి. మగవాళ్ళు పనేమీ లేకుండా కూర్చోగలిగే చోట్లు ఎన్ని ఉన్నాయి? రచ్చబండ ఉంది, చావడి ఉంది, గుడి మండపం ఉంది, టీ కొట్టు బల్ల ఉంది, బస్టాండు అరుగు ఉంది. అక్కడ కూర్చున్నవాళ్ళు పేకాడవచ్చు, పేపరు చదవవచ్చు, ఎవరి పొలం ఎవరు కొన్నారో మాట్లాడుకోవచ్చు. ఊరి రాజకీయాలన్నీ అక్కడే నడుస్తాయి. స్త్రీలు కలుసుకునే చోట్లు కూడా ఉన్నాయి. బోరింగు దగ్గర, కుళాయి దగ్గర, రేషన్ షాపు వరసలో, నాట్ల దగ్గర, కలుపుల దగ్గర. కానీ అవన్నీ పని చేస్తూనో, నిలబడో మాట్లాడుకునే చోట్లు. బిందె నిండగానే కదలాలి. రచ్చబండ ముందు నుంచి వెళ్ళవలసివస్తే చాలామంది స్త్రీలు ఇప్పటికీ తల వంచుకుని పక్క సందులోంచి వెళ్ళిపోతారు. దళిత స్త్రీలకైతే రెండు అడ్డంకులు. అది మగవాళ్ళ చోటు, పైగా పెద్దకులాల చోటు.

స్త్రీలు ఒక చోట కూర్చుని మాట్లాడుకోగలిగితే ఏం జరుగుతుందో మన రాష్ట్రంలో అందరికీ తెలుసు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా దుకాణం మూయించిన ఆడవాళ్ళు అక్షరాస్యతా ఉద్యమం రాత్రి బడుల్లో కలుసుకున్నవాళ్ళు. అక్కడ మొదలైన పోరాటం రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబర్ 1న సారా నిషేధానికి, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధానికి దారి తీసింది. 1997లో ప్రభుత్వం ఆ నిషేధాన్ని సడలించడం వేరే కథ. రాత్రి బడి అంటే పెద్ద భవనమేమీ కాదు. రోజుకో గంటసేపు, ఎవరికీ సంజాయిషీ చెప్పుకోకుండా స్త్రీలు కూర్చోగలిగిన చోటు అది. చదువు పేరుతో దొరికిన ఆ చోటు, ఆ సమయం వాళ్ళని ఒకరి కష్టం ఒకరు వినేలా చేశాయి.

హాలు లేకుండానే అంత ఉద్యమం జరిగింది కదా, ఇప్పుడు హాలెందుకు అని ఎవరైనా అనవచ్చు. చెట్టు కింద సమావేశం వాన వచ్చేదాకా. బడి వరండాలో సమావేశం హెడ్మాస్టరు సరేనన్నంత కాలం. పొదుపు సంఘాలు వచ్చాక చాలా ఊళ్ళలో సమావేశాలు లీడరు ఇంట్లో జరగడం మొదలైంది. లీడరు ఇల్లు అంటే ఆ ఇంటి కులం కూడా సమావేశంలో కూర్చున్నట్టే. కొందరు లోపల చాప మీద, కొందరు గడప బయట. లీడరు భర్తో, అత్తో వింటుండగా ఏ కోడలు తన ఇంట్లో పడే దెబ్బల గురించి నోరు విప్పుతుంది? 1980ల చివర మహిళా సమాఖ్య కార్యక్రమం మొదలైనప్పుడు కర్ణాటకలో సంఘాలు తమకంటూ ఒక గది, 'సంఘ మనె', కట్టుకోవడానికి ప్రాముఖ్యం ఇచ్చింది ఇందుకే. సొంత కప్పు లేని సంఘం ఎవరి కప్పు కింద కూర్చుంటే వాళ్ళ మాటకి లోబడవలసి వస్తుంది.

ఇక చట్టం సంగతి. రాజ్యాంగం 15వ అధికరణం రెండో క్లాజు చాలా స్పష్టంగా ఉంది. పూర్తిగానో, కొంత మేరకో ప్రభుత్వ ధనంతో నిర్వహించే, లేదా ప్రజల ఉపయోగానికి కేటాయించిన బావులు, చెరువులు, రోడ్లు, ప్రజలు కలుసుకునే స్థలాల విషయంలో మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు కారణంగా ఏ పౌరుడికీ, ఏ పౌరురాలికీ ఆటంకం ఉండకూడదు. ఈ క్లాజుని మనం ఎక్కువగా బావులకీ, హోటళ్ళకీ చెప్పుకున్నాం. అందులో 'లింగం' అనే మాట కూడా ఉందన్న సంగతి మరిచిపోయాం. అంటరానితనం పేరుతో ఇలాంటి చోట్లకి రానివ్వకపోతే 1955 నాటి పౌరహక్కుల రక్షణ చట్టం ప్రకారం శిక్ష కూడా ఉంది. కాబట్టి ప్రజాధనంతో కట్టే హాలులో కూర్చోవడం ఎవరి దయా కాదు.

అయితే హాలు ఎలా పుడుతుంది? ఎన్నికల ముందు ఒక నాయకుడు మాట ఇస్తాడు. గెలిచాక మంజూరు కాగితం వస్తుంది. స్థలం ఎక్కడో ఇద్దరు ముగ్గురు పెద్దలు తేలుస్తారు. ప్లాను ఇంజనీరు దగ్గర అచ్చువేసినట్టు సిద్ధంగా ఉంటుంది, ఒక పొడుగాటి గది, ఒక చివర స్టేజీ. పని కాంట్రాక్టరుకి పోతుంది. స్త్రీలకి కబురు వచ్చేది శంకుస్థాపన రోజున, హారతి పళ్ళేలతో రమ్మని. ప్రారంభోత్సవానికి మళ్ళీ అదే పళ్ళెం. ఆ తర్వాత రెండేళ్ళకి ఆ హాలులో ఎరువుల బస్తాలుంటాయి, లేకపోతే పేకాట ఉంటుంది, లేకపోతే తాళం ఉంటుంది.

ఒక ఊళ్ళో జరిగింది చెబుతాను. రోడ్డు పక్క స్థలాన్ని ఒక పెద్దరైతు 'ఊరికి ఇచ్చాను' అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ప్రజాధనంతో హాలు లేచింది. అతని పేరు గోడమీద రాతిపలకలో ఎక్కింది. పంచాయతీ ఎన్నికల్లో అతని వర్గం ఓడిపోయిన మర్నాడు హాలుకి తాళం పడింది. గ్రామ సమాఖ్య స్త్రీలు కాగితాలు అడిగితే తెలిసిందేమిటంటే, స్థలం ఇంకా అతని పేరు మీదే ఉంది. నోటిమాటతో ఇచ్చిన దానం అది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం స్థిరాస్తిని దానం చేస్తే, దాత సంతకంతో, ఇద్దరు సాక్షులతో రాసిన పత్రం రిజిస్టరు కావాలి. లేకపోతే ఆ దానం చెల్లదు. ఈ సంగతి పనులు మొదలయ్యేముందు గ్రామసభలో ఒక్కరు అడిగి ఉంటే చాలు. అడిగే చోట ఆ స్త్రీలు లేరు. వాళ్ళని పిలవలేదు.

అందుకే నేను చెప్పదలచుకున్నది ఒకటే. స్త్రీలు హాలులోకి అడుగుపెట్టవలసింది ప్రారంభోత్సవం రోజున కాదు, తీర్మానం రాసే రోజున. స్థలం, డబ్బు, ప్లాను, నిర్వహణ, ఈ నాలుగింటిలో ఏ ఒక్క దాంట్లో మనం లేకపోయినా మిగతా మూడూ చేజారతాయి.

మొదట స్థలం. వీలైనంతవరకు అది పంచాయతీకి చెందిన స్థలమై ఉండాలి. గ్రామకంఠం భూమి అయితే దాని హద్దులు కొలిపించి రికార్డులో రాయించాలి. ఎవరైనా ఇస్తే రిజిస్టరయిన దానపత్రం చేతికి వచ్చాకే కొబ్బరికాయ కొట్టాలి. గుడి ఆవరణలోనో, మసీదు, చర్చి ఆవరణలోనో వద్దు. అక్కడికి అందరూ రాలేరు. ఎం.పి. నిధుల నిబంధనలు కూడా ప్రార్థనాస్థలాల్లో పనులకి ఒప్పుకోవు. ఊరి నడిమధ్య కడితే దళితవాడ స్త్రీలు గడప దగ్గర ఆగిపోతారు. వాడలో కడితే ఊళ్ళోవాళ్ళు 'అది వాళ్ళ హాలు' అని రారు. రెండు వైపులవాళ్ళూ నడిచి రాగల దారిలో, రాత్రిపూట దీపం ఉండే చోట స్థలం అడగాలి. ఎస్సీ ఉపప్రణాళిక నిధులైతే మాటే వేరు. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో చేసిన చట్టం ఆ డబ్బు దళితులకీ, వారి ఆవాసాలకీ నేరుగా ఉపయోగపడాలంటుంది. ఆ డబ్బుతో ఊరి నడుమ హాలు కట్టి, బోర్డు మీద మాత్రం అందరిదీ అని రాస్తే ఒప్పుకోనక్కరలేదు.

రెండోది డబ్బు. ఎం.పి. నిధుల పథకం 1993 డిసెంబర్‌లో మొదలైంది. 2011-12 నుంచి ఒక్కో ఎం.పి.కి ఏడాదికి 5 కోట్ల రూపాయల చొప్పున కేటాయిస్తున్నారు. కోవిడ్ కాలంలో మాత్రం కొంతకాలం నిలిపివేశారు. అందులో 15 శాతం ఎస్సీలు, 7.5 శాతం ఎస్టీలు ఉండే ప్రాంతాలకి వెళ్ళాలని నిబంధన. ఈ నిధులు కట్టడానికే తప్ప నడపడానికి ఇవ్వరు. కట్టాక నిర్వహణ ఎవరు చూస్తారో ముందే హామీపత్రం తీసుకుంటారు. ఆ హామీపత్రం మీద సంతకం చేసేది ఎవరన్నది మనం పట్టించుకోవలసిన విషయం. 2005 నాటి ఉపాధి హామీ చట్టం షెడ్యూలులో పంచాయతీ భవనాలతోపాటు మహిళా సంఘాల సమాఖ్యల భవనాలను కూడా చేర్చిన సంగతి మన సంఘాల్లో చాలామందికి తెలియనే లేదు. తెలిసి అడిగిన చోట, కూలిపని మనకి, భవనం ఇంకొకరికి అన్న పరిస్థితి తప్పించుకునే వీలుండేది.

ఇక్కడొక ముఖ్యమైన అభ్యంతరం ఉంది, దాన్ని దాటవేయకూడదు. తాగునీళ్ళు లేని ఊరికి హాలెందుకు? నిజమే. పదిహేనో ఆర్థిక సంఘం 2021-26 కాలానికి పంచాయతీలకి ఇచ్చిన నిధుల్లో 60 శాతాన్ని తాగునీటికీ, పారిశుధ్యానికీ కట్టుబడి ఉంచింది. మిగతా 40 శాతంలోనే రోడ్లు, దీపాలు, భవనాలు అన్నీ చూసుకోవాలి. నీళ్ళకి ఉంచిన డబ్బుని హాలుకి మళ్ళిస్తామంటే ముందుగా వద్దనవలసింది మనమే. ఎందుకంటే రెండు కిలోమీటర్లు బిందె మోసేదీ మనమే. కొత్త హాలు అడిగేముందు ఊళ్ళో ఉన్న భవనాల లెక్క తీయండి. పాత చావడి ఒకటి, మూతపడిన బడిగది ఒకటి, ఎవరో వాడుకుంటున్న గోడౌను ఒకటి కనబడతాయి. మరమ్మతుతో పని జరిగితే కొత్తది అక్కరలేదు. ఆ మాట గ్రామసభలో చెప్పడానికి సిగ్గుపడనవసరం లేదు. హాలు వద్దని చెప్పగలిగిన సంఘమే, కావాలన్నప్పుడు గట్టిగా అడగగలుగుతుంది.

మూడోది ప్లాను. ఇంజనీరు గీసిన కాగితాన్ని చూసి భయపడకండి. సుద్దముక్కతో నేల మీద గీయించుకోండి. కింద చాపలమీద కూర్చుంటే మనిషికి ఏడెనిమిది చదరపు అడుగులు కావాలి. ముప్ఫై అడుగుల వెడల్పు, నలభై అడుగుల పొడవు ఉంటే 150 మంది సుఖంగా కూర్చోవచ్చు. అంతకన్నా పెద్దది కడితే ఊడ్చేదెవరు? స్టేజీ ఎత్తుగా ఉంటే కుర్చీలు దానిమీదికి, మనం కిందికి పోతాం. మరుగుదొడ్డి తప్పనిసరి. దానికి నీళ్ళ కనెక్షను, లోపలి గడియ, వెలుతురు కూడా అంచనాలోనే రాయించాలి. 'తర్వాత చూద్దాం' అన్నది ఎప్పుడూ రాదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రజలు వాడే భవనం వాళ్ళకి అందుబాటులో ఉండాలి. మెట్ల పక్కన వాలుదారి అడగండి, ముసలివాళ్ళకీ అది ఉపయోగం. పసిపిల్లల తల్లుల కోసం పైకప్పుకి రెండు ఉయ్యాల కొక్కేలు. సంఘం పుస్తకాలకి తాళం వేసుకునే బీరువా. అన్నిటికన్నా ముఖ్యంగా, తలుపు వేసుకుని మాట్లాడుకోగల చిన్న గది ఒకటి. దెబ్బలు తిని వచ్చిన మనిషి తన కథ వందమంది ముందు చెప్పలేదు.

పని మొదలయ్యాక సిమెంటు పాళ్ళు, కడ్డీల మందం చూడటం మనకి రాదని ఎవరైనా అంటే నమ్మవద్దు. ఇళ్ళకి కాంక్రీటు మోసే తాపీకూలీలు మన సంఘాల్లోనే ఉన్నారు. ఏ పాళ్ళలో కలుపుతున్నారో వాళ్ళకి బాగా తెలుసు. అంచనా కాగితం, కొలతల పుస్తకం నకళ్ళు 2005 సమాచార హక్కు చట్టం కింద ఎవరైనా అడగవచ్చు. బిల్లు చెల్లించాక కాదు, చెల్లించకముందే అడగాలి.

నాలుగోది నిర్వహణ. మన సంఘాలు దీన్నే ఎక్కువగా వదిలేస్తున్నాయి. లెక్క వేసి చూద్దాం. ఊడ్చే మనిషికి నెలకి 1,500, కరెంటుకి 500 అనుకుంటే ఏడాదికి 24,000 రూపాయలు. సున్నం, చిన్న మరమ్మతులకి ఇంకో 12,000 పక్కన పెడితే మొత్తం 36,000. ఏడాదిలో 20 పెళ్ళిళ్ళు, పేరంటాలు జరిగితే ఒక్కోదానికి 1,800 అద్దె సరిపోతుంది. మీ ఊరి లెక్క వేరుగా ఉండవచ్చు, కానీ ఈ లెక్క కాగితం మీద ఉండాలి. లేకపోతే అద్దె ఎవరి జేబులోకో పోతుంది, ఊడ్చే పని మాత్రం ఒక దళిత స్త్రీ మీద వెట్టిలా పడుతుంది. ఆమెకి ఎంత జీతమో, ఏ తేదీన ఇస్తారో తీర్మానంలోనే రాయాలి.

అద్దె వచ్చే హాలు పెళ్ళిళ్ళ హాలుగా మారిపోయే ప్రమాదం ఉంది. అందుకే సంఘాల సమావేశాలకి, గ్రామసభకి, చదువుకి, ఆరోగ్య శిబిరాలకి అద్దె ఉండకూడదనీ, నెలలో ఫలానా రోజులు స్త్రీలవేననీ, ఆ రోజుల్లో పెళ్ళి వచ్చినా హాలు ఇవ్వరాదనీ ముందే రాసుకోవాలి. ఎవరు ఏ రోజు వాడుకున్నారో రాసే రిజిస్టరు ఒకటి ఉండాలి. తాళంచెవులు రెండు జతలు. ఒకటి పంచాయతీ కార్యాలయంలో, రెండోది మహిళల కమిటీలో ఒకరి దగ్గర. ఆ ఒకరు ఏటా మారాలి, దళితవాడకి కూడా వంతు రావాలి. ఇవన్నీ కాగితం మీద బాగానే ఉంటాయి. అసలు పరీక్ష వేరే ఉంది. ఊళ్ళో ఒక మాదిగ అబ్బాయి, ఒక రెడ్డి అమ్మాయి పెళ్ళి చేసుకోదలచి హాలు అడిగితే ఇస్తారా? ఇచ్చేలా నిబంధన రాయగలిగితే అది ఊరి హాలు. లేకపోతే ఎవరి డబ్బుతో కట్టినా కొన్ని ఇళ్ళ హాలే.

విడిగా మహిళా భవనం అడుగుదామా అన్న ప్రశ్నకి వస్తాను. దొరికితే కాదనవలసిన పని లేదు. సొంత గది ఎంత విలువైనదో పైన చెప్పాను. కానీ 'మీకు అది ఇచ్చాం కదా, ఇక్కడికెందుకు వస్తారు' అనడానికి అదొక సాకు కాకూడదు. ఊరి డబ్బు, ఊరి స్థలం, ఊరి నిర్ణయాలు ఉండే చోట మనం ఉండాలి. చిన్న గది మన రహస్యాలకి కావాలి, పెద్ద హాలు మన రాజకీయాలకి కావాలి. ఒకటి తీసుకుని రెండోది వదిలెయ్యమనే బేరానికి ఒప్పుకోకండి.

ఇప్పుడు మన చేతిలో కొంత బలం ఉంది. 73వ సవరణ 1993 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చినప్పుడు పంచాయతీల్లో స్త్రీలకి మూడో వంతు స్థానాలు దక్కాయి. ఉమ్మడి రాష్ట్రంలో 2011లో దాన్ని సగానికి పెంచారు. రెండు రాష్ట్రాల్లోనూ సగం సర్పంచులు, సగం వార్డు సభ్యులు స్త్రీలే కావాలి. రాజ్యాంగం పదకొండో షెడ్యూలులో పంచాయతీలకి అప్పగించదగిన 29 అంశాల్లో చివరిది సామాజిక ఆస్తుల నిర్వహణ. అంటే హాలు తాళం చట్టరీత్యా వీళ్ళు చూడవలసిందే. చాలాచోట్ల సర్పంచి భర్త కుర్చీలో, సర్పంచి గుమ్మంలో ఉంటున్న మాట నిజం. ఆమెని తప్పుపట్టి లాభం లేదు. గ్రామసభకి ఆమె వెనక యాభైమంది స్త్రీలు వచ్చి కూర్చుంటే, భర్తకి కుర్చీ ఖాళీ చెయ్యక తప్పదు. హాలు తీర్మానం అలాంటి సందర్భం కల్పిస్తుంది. ఇది పింఛను లాగా ఒక్కొక్కరు విడివిడిగా అడుక్కునేది కాదు, అందరూ కలిసి అడగగలిగేది.

అందుచేత మిత్రులకి నా విజ్ఞప్తి. మీ ఊళ్ళో హాలు ప్రతిపాదన ఉంటే, గ్రామసభ తేదీకి వారం ముందే ఊళ్ళోనూ, వాడలోనూ విడివిడిగా కూర్చుని మాట్లాడండి, తర్వాత కలిసి కూర్చోండి. స్థలం కాగితం చూపమని అడగండి. ప్లానులో ఏం కావాలో రాసి ఇవ్వండి. నిర్వహణ కమిటీలో సగానికి తగ్గకుండా స్త్రీలు, అందులో దళిత స్త్రీలు ఉండాలని తీర్మానం పుస్తకంలో రాయించండి. రాసింది చదివించుకున్నాకే వేలిముద్ర గానీ, సంతకం గానీ పెట్టండి. ఒక నకలు సంఘం దగ్గర ఉంచుకోండి. ఇప్పటికే ఏ సంఘమైనా హాలు నిర్వహణకి నిబంధనలు రాసుకుని ఉంటే మాకు పంపండి, వచ్చే సంచికలో అచ్చు వేస్తాం. ఎక్కడైనా తాళం వేసి స్త్రీలని రానివ్వకపోతే ఆ సంగతి కూడా రాయండి. ఆ తాళం తీయించే పనిలో ఏ సంఘమూ ఒంటరిగా ఉండకూడదు.